నాన్న రోజూ తాగుతున్న చైనా చేదు బెరడు హువాంగ్‌బాయ్: షుగర్ మాత్రలతో కలిపి వాడొచ్చా?

కృష్ణాతీరం
మా నాన్నకి అరవై నాలుగు. షుగర్ చాలా ఏళ్ళుగా ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడతారు. కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్, బీపీకి మెటోప్రొలాల్ ఉన్నాయి. మా మేనమామ సెల్‌ఫోన్ విడిభాగాల వ్యాపారం మీద షెన్‌జెన్ వెళ్ళొస్తుంటాడు. ఈసారి వస్తూ ఎండిన బెరడు ముక్కల ప్యాకెట్ ఒకటి తెచ్చాడు. పేరు హువాంగ్‌బాయ్ అట. "అక్కడి పెద్దవాళ్ళు షుగర్‌కి ఇదే తాగుతారు బావా" అని నాన్న చేతిలో పెట్టాడు. నాన్న రోజూ పొద్దున్నే గుప్పెడు ముక్కలు రెండు గ్లాసుల నీళ్ళలో వేసి, ఒక గ్లాసు అయ్యేదాకా మరగబెట్టి తాగుతున్నారు.

ముక్కలు సన్నటి పట్టీల్లా ఉన్నాయి. లోపలివైపు మంచి పసుపు, విరిస్తే పీచుపీచుగా విడిపోతోంది. కొన్నిటి వెనక బూడిదరంగు బెండు లాంటిది అంటుకుని ఉంది. చిన్న ముక్క నోట్లో వేసుకుని చూశాను. నమిలేకొద్దీ జిగురు, ఉమ్మి పసుపు, ఆ చేదు అన్నం తిన్నా పోలేదు.

నాన్న మాత్రలు మానలేదు. షుగర్ తగ్గిందని సంబరంగా ఉన్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. మొన్న తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు పట్టి చేతులు వణికాయి. అమ్మ పంచదార నీళ్ళు ఇస్తే సర్దుకున్నారు. డాక్టరుకి చెబుదామంటే ఒప్పుకోవట్లేదు. చెట్టు మందేగా, ఏం చేస్తుంది అంటున్నారు ఇంట్లో అందరూ. అసలు ఇదేం చెట్టు? ఈ మాత్రలతో పడుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

మందులకొట్టు
ముందు చెట్టు సంగతి పక్కన పెట్టండి. తెల్లవారుజామున చెమటలు, వణుకు, పంచదార నీళ్ళతో తగ్గడం చూస్తే షుగర్ పడిపోయినట్టే ఉంది. గ్లిమిపిరైడ్ వాడేవాళ్ళలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ కషాయం ఈ రోజే ఆపించండి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు, తగ్గించొద్దు. డాక్టరుకి ఫోన్ చేసి కషాయం గురించి కూడా చెప్పి అడగండి. ఇంట్లో గ్లూకోమీటర్ ఉందా? పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి చూడండి.

కృష్ణాతీరం
మీటర్ ఉంది. ఆ కంగారులో చూడలేదు, ఇవాళ్టి నుంచి చూస్తాం. కానీ కషాయం వల్లే పడిపోయిందని ఎలా చెప్పగలం? నాన్న అడిగే మొదటి ప్రశ్న అదే.

మందులకొట్టు
ఇక్కడి నుంచి ఖాయంగా చెప్పలేను. అనుమానించడానికి కారణాలు మాత్రం గట్టిగా ఉన్నాయి. ఆ బెరడులోని పసుపు పదార్థం పేరు బెర్బెరిన్. అది సొంతంగానే షుగర్ తగ్గిస్తుంది. పైగా లివర్‌లో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్లో కొన్నిటిని మందగింపజేస్తుంది. సీవైపీ2సీ9, సీవైపీ2డీ6, సీవైపీ3ఏ4 అని వాటి పేర్లు. గ్లిమిపిరైడ్ మొదటిదాని మీద, మెటోప్రొలాల్ రెండోదాని మీద, అటోర్వాస్టాటిన్ మూడోదాని మీద ఆధారపడతాయి. మీ నాన్నగారి చీటీలో ఆ మూడూ ఉన్నాయి! మందు పోవాల్సిన వేగంతో ఒంట్లోంచి పోకపోతే మామూలు మాత్రే పెద్ద మోతాదులా పనిచేస్తుంది.

ఇంకో మాట. మెటోప్రొలాల్ వేసుకునేవాళ్ళకి షుగర్ పడినప్పుడు గుండెదడ, వణుకు సరిగ్గా తెలియకపోవచ్చు. ఒక్కోసారి చెమట ఒక్కటే గుర్తు. అందుకే మీటర్ చూడమంటున్నాను.

బొటనీమాస్టారు
మందులకొట్టు గారు చెప్పింది ముందు చేయండి. తర్వాత చెట్టు గురించి.

హువాంగ్‌బాయ్ అంటే ఫెల్లోడెండ్రాన్ చెట్టు లోపలి బెరడు. మనకి పరిచయమైన కుటుంబమే, రూటేసి. నిమ్మ, మారేడు, వెలగ, కరివేపాకు అన్నీ ఇందులోవే. రెండు జాతుల బెరడు బజారుకి వస్తుంది. ఒకటి ఫెల్లోడెండ్రాన్ అమురెన్స్, ఈశాన్య చైనా, కొరియా, జపాన్, రష్యాలోని అముర్ నది ప్రాంతాల చెట్టు. దాని పైబెరడు మందంగా, వేలితో నొక్కితే దిగేంత మెత్తటి బెండులా ఉంటుంది. రెండోది ఫెల్లోడెండ్రాన్ చైనెన్స్, చైనాలోనే సిచువాన్, హుబే, గుయిజౌ వైపు కొండల్లోది. దాని బెండు పల్చన.

రెండిట్లోనూ మగ చెట్లు వేరు, ఆడ చెట్లు వేరు. ఆడ చెట్లకి బఠాణీ గింజంత నల్లటి కాయలు గుత్తులుగా కాస్తాయి. పైబెరడు గీకేసి లోపలి పొరని ఊడదీసి ఎండబెడతారు. చెక్కు తీసిన చోట చెట్టు ఒళ్ళంతా పసుపు. కరివేపాకు మొక్క మీద పచ్చటి లావు గొంగళిపురుగులు చూసే ఉంటారు, అవి పెద్ద సీతాకోకచిలుకలవి. వాటి దగ్గరి చుట్టాలే అక్కడ ఈ చెట్టు ఆకులు తిని పెరుగుతాయి. కుటుంబం ఒకటే అనడానికి పురుగుల సాక్ష్యం కూడా ఉందన్నమాట.

పొలంగట్టు
ఇదే నాకు నచ్చనిది. నాన్నగారికి షుగర్ తగ్గిందని ఆయనే చెబుతున్నారు, మీరంతా కలిసి భయపెడుతున్నారు. చైనావాళ్ళు ఎన్ని వందల ఏళ్ళ నుంచి తాగుతున్నారు! ప్రమాదమైతే ఈపాటికి మానేసేవాళ్ళు. కషాయం ఉంచి ఇంగ్లీషు మాత్రలే తగ్గించుకోవచ్చు కదా?

హుబేబ్యాచ్
@పొలంగట్టు అన్నా, చైనావాళ్ళు ఎలా తాగుతారో చెబుతా, విను. నేను ఎంబీబీఎస్ హుబేలో చేశాను. మాకు చైనా సంప్రదాయ వైద్యం ఒక సబ్జెక్టు, ఆ వార్డులో కొన్నాళ్ళు కూర్చోబెట్టారు కూడా. ఈ బెరడు ఒక్కదాన్నే మరగబెట్టి ఏళ్ళ తరబడి తాగమని చెప్పిన వైద్యుణ్ణి ఒక్కరినీ చూడలేదు. నాడి పట్టుకుంటారు, నాలుక చూస్తారు, విరేచనం ఎలా ఉందో అడుగుతారు. అప్పుడు ఏడెనిమిది దినుసులు కలిపి కొద్ది రోజులకే రాసిస్తారు. మళ్ళీ వస్తే చీటీ మారుస్తారు.

వాళ్ళ లెక్కలో ఇది చేదు, బాగా చలవ. నడుము కింది భాగంలో చేరిన వేడినీ తేమనీ తీసేస్తుందంటారు. అంటే మూత్రంలో మంట, తెల్లబట్ట, విరేచనాలు, కాళ్ళ వాపు, చర్మం మీద రసి కారే పుళ్ళు వంటివాటికి ఇస్తారు. 14వ శతాబ్దపు ఝూ దాన్‌శీ పేరుతో చెప్పుకునే ఎర్‌మియావో పొడిలో ఉండేవి రెండే, ఇదీ, సాంగ్‌ఝూ అనే దుంపా. కీళ్ళల్లో వాపూ వేడీ ఉంటే ఇస్తారు. వృద్ధుల్లో లోపలి వేడికని ఇచ్చే ఝీబాయ్ దీహువాంగ్ గోళీల్లో కూడా ఇది ఉంది, అందులో మొత్తం ఎనిమిది దినుసులు. మీ మామయ్య చూసిన పెద్దవాళ్ళు బహుశా ఆ గోళీలు వేసుకునేవాళ్ళే.

కడుపు బలహీనంగా ఉన్నవాళ్ళకి, ఆకలి లేనివాళ్ళకి దీన్ని ఇవ్వరు. ఇంగ్లీషు డాక్టరు మాట పక్కన పెట్టినా, చైనా వైద్యుడి మాట ప్రకారమే ఇలా తాగకూడదు.

కృష్ణాతీరం
@హుబేబ్యాచ్ ఇది చాలా పనికొచ్చేలా ఉంది. నాన్నకి ఆకలి తగ్గింది, రెండు ఇడ్లీలకే చాలంటున్నారు. మందు పనిచేస్తోందనుకుంటున్నారు. మోతాదు ఎంత ఇస్తారు అక్కడ?

హుబేబ్యాచ్
చైనా ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రమాణాలు రాసిన వాళ్ళ అధికారిక గ్రంథంలో, రోజుకి 3 నుంచి 12 గ్రాములు. మీ నాన్నగారి గుప్పెడు ఎంత ఉంటుందో వంటింటి కాటా మీద తూచి చూడండి.

కృష్ణాతీరం
తూచాను. ఇరవై గ్రాములు దాటింది.

మందులకొట్టు
😟

వైద్యశాల
నేను ఆయుర్వేదం చదివినవాణ్ణి, అందుకే రెండు వైపులా మాట్లాడాలి. @మందులకొట్టు గారు చెప్పిన జాగ్రత్తలన్నీ సరైనవే. కానీ షుగర్‌కి ఈ చేదు పసుపు బెరడు వాడటం ఉత్త మూఢనమ్మకం అని ఎవరూ అనుకోవద్దు. మన దగ్గర మానుపసుపు ఉంది, దారుహరిద్ర. హిమాలయాల్లో దొరికే బెర్బెరిస్ అరిస్టాటా అసలుది. దక్షిణాదిలో కొసీనియం అనే తీగ కాండాన్ని అదే పేరుతో అమ్ముతారు. రెండిట్లోనూ బెర్బెరినే. ప్రమేహానికి, అంటే షుగర్ లాంటి జబ్బులకి, దారుహరిద్ర వేసిన కషాయాలు మన గ్రంథాల్లో ఉన్నాయి. కళ్ళకీ పుళ్ళకీ వాడే రసాంజనం దాని కషాయాన్ని పాలతో కాచి గట్టిపరిచిందే. కుటుంబాలు వేరైన మూడు మొక్కలు, ఒకటే పసుపు, ఒకటే చేదు. ఇటు మనవాళ్ళూ అటు చైనావాళ్ళూ దాదాపు అవే జబ్బులకి వాడారు.

కాకపోతే మేము కూడా చీటీ చూడకుండా ఇవ్వం. గ్లిమిపిరైడ్ వాడే మనిషి వస్తే ముందు ఆ డాక్టరుతో మాట్లాడాలి. @పొలంగట్టు గారూ, మాత్రలు తగ్గించడం కషాయం ఇచ్చినవాళ్ళు తీసుకునే నిర్ణయం కాదు.

పొలంగట్టు
సరే, మాత్రలు తగ్గించమన్న మాట వదిలేద్దాం. కానీ పనిచేస్తుందని మీరే ఒప్పుకుంటున్నారుగా. పనిచేసేదాన్ని పద్ధతి ప్రకారం వాడుకోవచ్చు కదా అన్నదే నా వాదన.

హుబేబ్యాచ్
పద్ధతి ప్రకారం అంటే ఎంత బెరడు కావాలో లెక్క వేసి చూద్దాం.

2008లో మెటబాలిజం పత్రికలో షాంఘై డాక్టర్ల ట్రయల్ వచ్చింది. కొత్తగా షుగర్ బయటపడిన 36 మందిలో కొందరికి బెర్బెరిన్, కొందరికి మెట్‌ఫార్మిన్, రెండూ 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు మూడు నెలలు ఇచ్చారు. బెర్బెరిన్ వాడినవాళ్ళలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) సగటున 9.5 నుంచి 7.5కి వచ్చింది, మెట్‌ఫార్మిన్‌కి దగ్గరగానే. మంచి ఫలితమే, కానీ చిన్న ట్రయల్. కడుపునొప్పి, మలబద్ధకం, విరేచనాలు లాంటివి మూడోవంతు మందికి పైగా వచ్చాయి.

ఆ డోసు రోజుకి 1500 మిల్లీగ్రాములు. ఫార్మకోపియా ప్రకారం సిచువాన్ రకం బెరడులో కనీసం 3 శాతం బెర్బెరిన్ ఉండాలి, ఈశాన్య రకంలో 0.6 శాతం ఉంటే చాలు. అంతకుముందు రెండిటినీ ఒకే పేరు కింద పెట్టేవాళ్ళు, 2005 కూర్పు నుంచి విడదీశారు. ఆ లెక్కన 1500 మిల్లీగ్రాములు రావాలంటే మొదటి రకం 50 గ్రాములు, రెండో రకం 250 గ్రాములు మరగబెట్టాలి. అదీ ఉన్నదంతా నీళ్ళలోకి దిగితేనే. 12 గ్రాములు దాటొద్దన్న బెరడుని పావు కిలో మరగబెడతామా?

పద్ధతి ప్రకారం వాడితే షుగర్‌కి చాలదు. చాలేంత వాడితే పద్ధతి కాదు.

మందులకొట్టు
@హుబేబ్యాచ్ గారి లెక్క బాగుంది. దానికి ఒకటి కలపాలి. నాన్నగారి దగ్గరున్నది ఏ రకమో తెలియదు కాబట్టి ఆయన గ్లాసులో 100 మిల్లీగ్రాములు ఉన్నాయో 600 ఉన్నాయో కూడా తెలియదు. ప్యాకెట్‌లో రెండు రకాలూ కలిసి ఉంటే రోజుకో మోతాదు పడుతుంది. మాత్రలతో కలిసేది అలా రోజుకో రకంగా మారితే షుగర్ ఎప్పుడు పడుతుందో ఎవరూ ఊహించలేరు.

బొటనీమాస్టారు
వెనక బూడిదరంగు బెండు అంటుకుని ఉందన్నారు కాబట్టి వాటిలో ఈశాన్య రకం ఉండే అవకాశం ఎక్కువ. చూపుతో తేల్చేది మాత్రం కాదు.

సెరంగూన్_సుధ
మాది సింగపూర్. ఇక్కడ ఇది పెద్ద కథ. బెర్బెరిన్ ఉన్న చైనా మూలికల్ని 1978లో నిషేధించారు. పుట్టిన పిల్లలకి, బాలింతలకి ఇలాంటి చేదు కషాయాలు పట్టే అలవాటు ఉండేది. పసికందులకి కామెర్లు ముదిరి మెదడు దెబ్బతింటోందని, దానికి ఈ మూలికలూ కారణమేనని అప్పట్లో అనుమానించారు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్న పిల్లలకి ముప్పు ఎక్కువ. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ బొడ్డుతాడు రక్తంతో ఆ పరీక్ష చేస్తారు. మా బాబుకీ చేశారు, తక్కువుందనే తేలింది. ఏమేం దగ్గరికి రానీయకూడదో చీటీ ఇచ్చారు. కలరా ఉండలు బట్టల్లో పెట్టొద్దని కూడా అందులో ఉంది.

2010ల్లో నిషేధం దశలవారీగా ఎత్తేశారు. ఇప్పుడు చైనా మందుల కొట్లో హువాంగ్‌బాయ్ దొరుకుతుంది. అయినా గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ, పసిపిల్లలకీ వద్దనే చెబుతారు. ఇంట్లో ఎవరైనా నిండు గర్భిణి గానీ పసిపిల్లలు గానీ ఉంటే ఆ ప్యాకెట్ వాళ్ళ చేతికి అందనివ్వకండి.

వైద్యశాల
@సెరంగూన్_సుధ గారు చెప్పింది మన వాళ్ళకీ వర్తిస్తుంది. మానుపసుపు కూడా గర్భిణులకి లోపలికి ఇవ్వకూడదు. కామెర్లున్న పసివాళ్ళకి అసలే వద్దు.

మందులకొట్టు
కారణం కూడా చెబుతాను. కామెర్ల పసుపు, అంటే బిలిరుబిన్, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ని అంటిపెట్టుకుని తిరుగుతుంది. బెర్బెరిన్ దాన్ని అక్కడి నుంచి తోసేస్తుందని ప్రయోగశాలలో చూశారు. విడిపోయిన బిలిరుబిన్ పసిబిడ్డ మెదడులోకి చేరగలదు.

తాళపత్రం
మందు గురించి నాకేమీ తెలియదు గానీ ఈ చెట్టు పేరు చూసి ఆగలేకపోయాను. పాత కాగితాలు, తాళపత్రాలు బాగుచేసే పని నాది. మా పనిలో ఈ పసుపు చాలా గౌరవం ఉన్న పసుపు.

తేదీ వేసి ఉన్న అచ్చు పుస్తకాల్లో ప్రపంచంలో అన్నిటికన్నా పాతది వజ్రచ్ఛేదిక సూత్రం అనే బౌద్ధ గ్రంథం చైనా ప్రతి. 868 మే 11 అని దాని మీదే ఉంది. చెక్క దిమ్మెలతో అచ్చేసిన, దాదాపు ఐదు మీటర్ల చుట్ట. చైనాలో డున్‌హువాంగ్ దగ్గర మొగావో గుహల్లో మూసేసిన ఒక గది 1900లో బయటపడింది. 1907లో అక్కడికెళ్ళిన పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టెయిన్ పట్టుకెళ్ళినవాటిలో అదీ ఉంది. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆ కాగితానికి వేసిన పసుపు ఈ చెట్టు బెరడుదే. పురుగు పట్టకుండా ఉండటానికి చైనాలో కాగితాలకి ఈ బెరడు కషాయం పట్టించేవాళ్ళు. ఎలా పట్టించాలో 6వ శతాబ్దంలో జియా సీషియే రాసిన వ్యవసాయ గ్రంథంలో ఉంది. బెరడు నానబెట్టి తీసిన రసం, మళ్ళీ అదే పిప్పిని ఉడికించి పిండిన రసం, రెండూ కలిపి వాడాలంటాడు. పిప్పిని వృథాగా పారేయొద్దని అంత శ్రద్ధ!

బెర్బెరిన్ అల్ట్రావయొలెట్ దీపం కింద పచ్చగా మెరుస్తుంది. పాత చైనా కాగితం చేతికొస్తే మేము ముందు ఆ దీపం వేసి చూస్తాం. కాగితాన్ని పురుగు ముట్టకుండా కాపలా కాసిన పదార్థం మనిషి కడుపులోకి వెళ్ళి ఊరికే ఎలా కూర్చుంటుంది? బలమైన వస్తువు అది.

బొటనీమాస్టారు
@తాళపత్రం గారూ, ఇది మా పిల్లలకి చెప్పి తీరాలి. దీపం సంగతి ముఖ్యంగా.

న్యూజెర్సీ_నాని
ఇక్కడ అమెరికాలో ఈ చెట్టు కలుపు మొక్క. 19వ శతాబ్దంలో పార్కుల్లో అందానికని తెచ్చి నాటారు. నల్లకాయలు పిట్టలు తిని అడవుల్లోకి మోశాయి. న్యూయార్క్ రాష్ట్రంలో ఇప్పుడు అమ్మడం, నాటడం నిషేధం. మా ఇంటి దగ్గరి అడవిలో వలంటీర్లు దీన్ని నరికే పనికి నేనూ వెళ్తుంటాను. కొమ్మ మీద బెరడు గోటితో గీకితే నిమ్మపండు పసుపు కనిపిస్తుంది, గుర్తుపట్టడానికి మాకు నేర్పేది అదే.

ఇంకోటి. 2023లో ఇక్కడ టిక్‌టాక్ నిండా బెర్బెరిన్ క్యాప్సూళ్ళే. బరువు తగ్గించే ఖరీదైన ఇంజెక్షన్‌కి బదులు ఇదేనని ఊదరగొట్టారు. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చింది. బరువు మీద దాని ప్రభావం ఆ ఇంజెక్షన్ దరిదాపుల్లో కూడా లేదు. మా ఆఫీసులో కిడ్నీ మార్పిడి అయినాయన కూడా కొనబోతే బలవంతంగా ఆపాం.

మందులకొట్టు
ఆపి చాలా మంచి పని చేశారు. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు వాడే సైక్లోస్పోరిన్ మోతాదు రక్తంలో బెర్బెరిన్ వల్ల పెరుగుతుంది. అది మనుషుల మీదే చూసిన విషయం.

పొలంగట్టు
అక్కడేమో నరికి పారేస్తున్నారు, చైనాలో ఏమో చెట్లు తగ్గిపోతున్నాయని ఎక్కడో చదివాను. నిజమేనా?

బొటనీమాస్టారు
నిజమే. 1987లోనే చైనా ప్రభుత్వం రక్షించాల్సిన అడవి మందు మొక్కల జాబితాలో రెండో శ్రేణిలో దీన్ని చేర్చింది. బెరడే సరుకు కావడం వల్ల వచ్చిన కష్టం ఇది. ఆకో కాయో అయితే కోసుకుంటే మళ్ళీ వస్తుంది. బెరడు చుట్టూ ఊడదీస్తే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళకి దిగదు, చెట్టు చస్తుంది. వెనకట చెట్టు కొట్టేసే బెరడు తీసేవాళ్ళు. ఈ బెరడు, దూఝోంగ్, హౌపో, ఈ మూడు బెరడు మందుల చెట్లకీ అదే గతి పట్టింది.

తర్వాత అక్కడివాళ్ళు ఒక పద్ధతి పట్టుకున్నారు. వేసవి మొదట్లో, రసం బాగా ఆడుతున్నప్పుడు, కత్తిగాటు కలపకి తగలకుండా బెరడు మాత్రమే ఊడదీస్తారు. కింద జిగురుగా మెరిసే పల్చటి పొర ఉంటుంది. దాన్ని చేత్తో కూడా తాకరు. వెంటనే ప్లాస్టిక్ షీటు వదులుగా చుట్టి ఎండా వానా తగలకుండా కాస్తారు. ఆ పొర నుంచే కొత్త బెరడు కడుతుంది. చాలా నేర్పు కావాల్సిన పని. ఇప్పుడు తోటల్లో పెంచేది ఎక్కువ, అయినా చెట్టు బెరడుకి రావాలంటే పదేళ్ళకి పైనే ఆగాలి.

అందుకే గుప్పెళ్ళకి గుప్పెళ్ళు అవసరం లేకుండా మరగబెడుతుంటే నాకు బాధగా ఉంటుంది. అది ఒక చెట్టు ఒంటి మీద తోలు.

వైద్యశాల
మన కొసీనియం తీగదీ ఇదే కథ. పశ్చిమ కనుమల్లో బాగా పలచబడిపోయింది. తీగ మొదలు నరికితేనే సరుకు.

రైల్వేక్వార్టర్స్
మధ్యలో అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మా కాలనీలో తురకవేప చెట్లు చాలా ఉన్నాయి. అది కూడా చైనాలో మందే అని విన్నాను. చేదుగానే ఉంటుంది. దానితో కషాయం పెడితే షుగర్ తగ్గుతుందా? విదేశీ బెరడు ఎందుకు?

బొటనీమాస్టారు
@రైల్వేక్వార్టర్స్ వద్దు. దయచేసి వద్దు. తురకవేప బెరడుని చైనాలో ఏలికపాములకి ఇచ్చేవాళ్ళు, నిజమే. కానీ వాళ్ళ ఫార్మకోపియాలోనే దాన్ని విషం ఉన్న మూలికగా రాశారు. కాయలు తిన్న పందులు చచ్చిపోయిన సంగతి చాలా దేశాల్లో తెలిసిందే, పిల్లలకీ ప్రమాదమే. పూలు లేత ఊదా రంగులో బాగుంటాయి, నీడ బాగుంటుంది. అంతవరకే.

హుబేబ్యాచ్
+1. మాకు క్లాసులో కూడా విషం గుర్తు ఉన్న మూలికల్లోనే చూపించారు. చేదుగా ఉన్నవన్నీ షుగర్‌కి మందులు కావు.

రైల్వేక్వార్టర్స్
అర్థమైంది. మా అత్తగారికి కూడా ఇప్పుడే చెప్పాను.

సెరంగూన్_సుధ
@కృష్ణాతీరం ఏమైంది? రెండు రోజులుగా మీ పోస్టు లేదు.

కృష్ణాతీరం
ఇప్పుడే ఇంటికి వచ్చాను. చెబుతాను.

ఈ చర్చంతా నాన్నకి చదివి వినిపించాను. మందుల లెక్క వింటూ కూడా "వాళ్ళెవరో" అన్నారు. 12 గ్రాములు, 20 గ్రాముల దగ్గర మాత్రం ఆగారు. "చైనావాళ్ళే అంత వాడకపోతే నేనెందుకు వాడాలి" అన్నారు. @హుబేబ్యాచ్ గారికి మా అమ్మ ప్రత్యేకంగా థాంక్స్ చెప్పమంది.

కషాయం ఆపిన రాత్రే మూడింటికి చూస్తే 64 ఉంది. అప్పుడు ఆయనకి వణుకు లేదు, దడ లేదు, మెడ మీద కాస్త చెమట అంతే. @మందులకొట్టు గారు చెప్పి ఉండకపోతే నిద్రలోనే వదిలేసేవాళ్ళం. పంచదార నీళ్ళు ఇచ్చి, పావుగంట ఆగి మళ్ళీ చూసి, పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ప్యాకెట్ కూడా చూపించాం. ఆయన కోప్పడలేదు, అది చాలా మేలు చేసింది. బెరడు పూర్తిగా మానమన్నారు. గ్లిమిపిరైడ్ మోతాదు ఆయనే సగం చేశారు, కొన్నాళ్ళు రీడింగులు చూసి మళ్ళీ సరిచేస్తానన్నారు. లివర్, కిడ్నీ పరీక్షలు రాశారు.

మందులకొట్టు
64! వెళ్ళడం మంచిదైంది. బెరడు ప్రభావం తగ్గేకొద్దీ షుగర్ పైకి కూడా పోవచ్చు, అందుకే రీడింగులు మానొద్దు. తేదీ, టైము, ఏం తిన్నారో పక్కన రాసి డాక్టరుకి చూపించండి.

పొలంగట్టు
నాన్నగారు బాగున్నందుకు సంతోషం. మూలికల మీద నా నమ్మకం అలాగే ఉంది, కానీ మాత్రలు వాడేవాళ్ళకి ఇలా నేనైతే ఇవ్వను.

వైద్యశాల
@పొలంగట్టు గారూ, ఆ నమ్మకం ఉంచుకోండి. మా దగ్గరికి వచ్చేవాళ్ళు మాత్రల చీటీ కూడా తెస్తే చాలు.

బొటనీమాస్టారు
@కృష్ణాతీరం మిగిలిన బెరడు పారేయకండి. నాలుగైదు ముక్కలు మా కాలేజీకి పంపగలరా? కరివేపాకు, మారేడు నమూనాల పక్కన పెట్టి పిల్లలకి చూపిస్తాను. దీపం కింద కూడా పెడతాను.

కృష్ణాతీరం
తప్పకుండా, మెసేజ్‌లో అడ్రస్ పెట్టండి.

మామయ్యకి ఈ లింకు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు, గొంతులో కంగారు. తెచ్చింది ఒక్క ప్యాకెట్ కాదట, మూడు. షాపు పక్కన టైలరుగారికి ఒకటి ఇచ్చాడు. ఇంకోటి వాళ్ళ వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారికి. ఆ మాస్టారి కూతురు పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది.

సెరంగూన్_సుధ
రేపటిదాకా ఆగకండి. ఇప్పుడే ఫోన్ చేయించండి. ఆ అమ్మాయి తాగిందా లేదా అడగండి, తాగి ఉంటే ఆమెని చూసే డాక్టరుకి చెప్పాలి. పుట్టే బిడ్డకి జీ6పీడీ పరీక్ష చేయమని కూడా అడగమనండి.

కృష్ణాతీరం
మామయ్యే స్వయంగా వెళ్ళాడు. ఆ అమ్మాయి తాగలేదు. మాస్టారొక్కరే తాగుతున్నారు, ఆయనకీ షుగరే. ఆయన మాత్రల చీటీ ఫొటో తీసుకుని, రెండు ప్యాకెట్లూ వెనక్కి తెచ్చేశాడు. @మందులకొట్టు గారూ, ఆ చీటీ మీకు మెసేజ్‌లో పంపాను, ఒకసారి చూడగలరా?

మందులకొట్టు
చూశాను. గ్లిమిపిరైడ్ లేదు, కానీ రక్తం పల్చబడే వార్ఫరిన్ ఉంది. అది కూడా 2సీ9 మీదే నడుస్తుంది. రేపు పొద్దున్నే ఐఎన్‌ఆర్ పరీక్ష, అంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చూసేది, చేయించుకోమనండి. చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటి మీద నల్లటి మచ్చలు, నల్లగా విరేచనం ఉంటే పొద్దునదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. వాళ్ళ డాక్టరుకి బెరడు పేరు హువాంగ్‌బాయ్ అనీ, అందులోది బెర్బెరిన్ అనీ కాగితం మీద రాసి ఇవ్వండి.

కృష్ణాతీరం
రాసి మామయ్యకి పంపాను. ఇప్పుడే మళ్ళీ వాళ్ళింటికి బయల్దేరాడు.